20 అడుగుల కంటైనర్ ఇల్లు తుఫాను గాలికి నిలబడుతుందా? ఉద్దానంలో పెట్టాలనుకుంటున్నా

జీడితోట_పలాస

అందరికీ నమస్తే. మాది వజ్రపుకొత్తూరు మండలం, మా ఊరు సముద్రానికి రెండు మూడు కిలోమీటర్ల లోపల ఉంటుంది. నా ఉద్యోగం బెంగళూరులో, వీలు దొరికినప్పుడల్లా వెళ్లి తోట చూసుకుని వస్తుంటాను. తోటలో ఉండటానికి చిన్న ఇల్లు ఒకటి కావాలి. ఒక గది, బాత్రూమ్, వంటకి ఒక మూల, అంతే, మొత్తం 160 నుంచి 200 చదరపు అడుగులు చాలు. పెదనాన్న వాళ్లతో ఇంకా పంపకాలు కాలేదు కాబట్టి రేపు మా వాటా ఎటు వస్తే అటు లేపి పెట్టుకునేలా ఉండాలి, అందుకే ఈ కంటైనర్ ఇళ్లు, పఫ్ ప్యానెల్ ఇళ్లు (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలకలతో బిగించేవి) చూస్తున్నాను.

సమస్య ఏంటో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. మా కొబ్బరి చెట్లు సగానికి పైగా పోయాయి, జీడి చెట్లయితే వేళ్లతో సహా పైకి లేచిపోయాయి, పక్క తోటలో షెడ్డు రేకులు ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు. ఈ కంటైనర్ సంగతి చెబితే మా నాన్న "ఇనప డబ్బాలో పడుకుంటావా, గాలొస్తే అది ఒడిశాలో తేల్తాది" అని ఒకటే నవ్వు. ఆయన మాట ఒకటే, చిన్నదైనా శ్లాబ్ వేసుకో అని.

అమ్మేవాళ్లేమో 250 కిలోమీటర్ల గాలికి కూడా ఏమీ కాదంటున్నారు. ఎలా అని అడిగితే "సార్, ఓడల మీద సముద్రాలు దాటి వచ్చిన డబ్బా అది" అంటారు తప్ప లెక్క ఎవరూ చూపించడం లేదు. అసలు ఇంత చిన్న ఇల్లు గాలికి ఎలా ప్రవర్తిస్తుంది, చిన్నదైతే గాలి తక్కువ తగులుతుంది కదా, అది మంచిదేనా? కింద రాళ్లు పేర్చి పెట్టేస్తే సరిపోతుందా, ఏమైనా కట్టాలా? ఎవరైనా పెట్టుకున్నవాళ్లు, పని తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

స్ట్రక్చరల్_వైజాగ్

అమ్మేవాడి మాట అబద్ధం కాదు, సగం నిజం. డబ్బాకి ఏమీ కాదు. అది మీ తోటలోంచి పెదనాన్నగారి తోటలోకి దొర్లుకుంటూ వెళ్లి అక్కడ కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల ఉన్న మీరు మాత్రం ఉండరు.

లెక్క అడిగారు కాబట్టి చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. కట్టడాల మీద పడే భారాలకి మన దేశ ప్రమాణం ఐఎస్ 875, దాని మూడో భాగంలో గాలి వేగాల మ్యాప్ ఉంటుంది. విశాఖకి, మన కోస్తాలో చాలా భాగానికి అందులో సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకు 180 కి.మీ. హైదరాబాద్‌కి 44. ఇది మూడు సెకన్ల పాటు వచ్చే గాలి విసురు వేగం. వాతావరణ శాఖ వాళ్లు టీవీలో చెప్పే 140-150 అనేది మూడు నిమిషాల సగటు, దానిలో వచ్చే విసుర్లు ఇంకా ఎక్కువ, తిత్లీలో 165 దాకా చెప్పారు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న మా నెత్తి మీద తీరం దాటినప్పుడు సగటే 170-180. కాబట్టి 180 అనేది పుస్తకంలో రాసుకున్న భయం కాదు, మనం చూసిందే.

గాలి ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు. 180 కి.మీ. దగ్గర చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు. ఇప్పుడు మీ 20 అడుగుల కంటైనర్ తీసుకోండి. పొడవు 6 మీటర్లు, వెడల్పు 2.44, ఎత్తు 2.6, ఖాళీ బరువు సుమారు 2300 కిలోలు. పొడుగు గోడకి ఎదురుగా గాలి కొడితే పక్కకి తోసే బలం 2800 కిలోల దాకా వస్తుంది. అదే సమయంలో పైకప్పు మీదుగా పోయే గాలి కప్పుని పైకి పీలుస్తుంది, అది ఇంకో 1700 కిలోల పైమాటే. ఈ రెండూ కలిసి డబ్బాని గాలి వాలు వైపు అంచు మీద దొర్లించడానికి చూస్తాయి, ఆపడానికి ఉన్నది సొంత బరువు ఒక్కటే. దొర్లించే మొమెంట్ (బలాన్ని అంచు నుంచి దూరంతో గుణిస్తే వచ్చేది) సుమారు 5800 కిలోగ్రామ్-మీటర్లు, ఆపేది 2800. అంటే సగం కూడా లేదు. లోపల ప్లైవుడ్, మంచం, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ కలిపి 4000 కిలోలు చేసినా 4900 దగ్గర ఆగుతుంది. వట్టి రాళ్ల మీద పెట్టిన ఖాళీ కంటైనర్ గంటకు 120 కి.మీ. దాకా బొటాబొటీగా నిలబడుతుంది, ఆపైన దేవుడి దయ.

చిన్న ఇల్లు మంచిదేనా అన్నారు. గాలి తగిలే గోడ చిన్నదే, ఒప్పుకుంటాను, విరిగిపోయే పొడవాటి దూలాలు కూడా ఉండవు. కానీ బరువు అంతకంటే వేగంగా తగ్గుతుంది, పైగా వెడల్పు తక్కువ కాబట్టి దొర్లడం సులువు. పఫ్ ప్యానెల్ ఇల్లయితే మరీను, 200 చదరపు అడుగులది మొత్తం కలిపి రెండు టన్నులు కూడా తూగదు. పెద్ద ఇంటికి గాలి వస్తే కప్పు పోతుందా అని చూస్తాం, చిన్న ఇంటికి ఇల్లే పోతుందా అని చూడాలి.

మీ నాన్నగారి మాటలో దమ్ముంది. పది అడుగులు ఇరవై అడుగుల గదికి నాలుగంగుళాల శ్లాబ్ వేస్తే ఆ శ్లాబ్ ఒక్కటే 4600 కిలోలు. దాన్ని పైకి పీల్చే బలం 2200. గాలి దాన్ని ఏమీ చేయలేదు. పంపకాల సమస్య లేకపోతే నేను కూడా అదే చెప్పేవాణ్ని.

కంటైనరే కావాలంటే దాన్ని నేలకి కట్టాలి, నాలుగు మూలలా, రెండు వైపులా లాగేలా. ఒక వైపు కట్టి వదిలేయకండి. హుద్‌హుద్ కన్ను, అంటే తుఫాను నడిమధ్య గాలి లేని చోటు, మా ఊరి మీదుగా వెళ్లినప్పుడు గాలి ఆగిపోయి, జనం బయటకు వచ్చి చూస్తుంటే కాసేపటికి అవతలి దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. ఉదయం వెనక వైపు అనుకున్న గోడ మధ్యాహ్నానికి ముందు గోడ అవుతుంది.

కాకినాడ_ఫ్యాబ్రికేషన్

ఇంజనీర్ గారు లెక్క చెప్పారు, నేను పని చెప్తా. పోర్టు దగ్గర షెడ్డు మాది, ఆఫీసు కంటైనర్లు, సైట్ క్యాబిన్లు చేస్తుంటాం.

ఓడ మీద కంటైనర్ ఎందుకు పడిపోదంటే నాలుగు మూలల్లో ఉండే కార్నర్ కాస్టింగ్‌లో (రంధ్రాలున్న ఉక్కు దిమ్మె) ట్విస్ట్ లాక్ వేసి తిప్పి బిగిస్తారు, పైగా రాడ్లతో అడ్డంగా లాగి కడతారు. మీకు అమ్మేవాడు ఓడ సంగతి చెప్పాడు, లాక్ సంగతి మింగేశాడు. ఆ కార్నర్లు మీకు ఫ్రీగా వస్తున్నాయి కదా, వాటినే వాడండి. కింద కాంక్రీట్‌లో బేస్ ప్లేట్ దింపి, ప్లేట్ మీద ట్విస్ట్ లాక్ బిగించుకుంటే రేపు లేపాలన్నప్పుడు లాక్ తిప్పి హైడ్రా క్రేన్ పెట్టి తీసేయడమే. చాలామంది ప్లేట్‌కి వెల్డింగ్ కొట్టేస్తారు. అది కూడా గట్టిదే కానీ ఉప్పు గాలికి ఆ వెల్డింగ్ దగ్గరే ముందు తుప్పు మొదలవుతుంది, పైగా తీసేటప్పుడు గ్యాస్ కటింగ్ పెట్టి కార్నర్‌ని పాడు చేసుకుంటారు.

అసలు ఇళ్లు ఎక్కడ పోతాయో చెప్పనా. కంటైనర్ వేడెక్కుతుందని పైన ఇంకో రేకుల కప్పు వేస్తారు, దాన్నే ముందుకు నాలుగడుగులు లాగి వరండా చేస్తారు, ఫొటోలకి భలే ఉంటుంది. తుఫానుకి మొదట లేచేది అదే. చూరు కిందికి గాలి దూరి కింద నుంచి నెడుతుంది, పై నుంచి పీలుస్తుంది. ఆ వరండా ఫ్రేమ్‌ని కంటైనర్‌కే వెల్డ్ చేసి ఉంటే అది పోతూ పోతూ డబ్బాని కూడా ఊపేస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఒకటే చెప్తా, వరండా కావాలంటే దానికి వేరే స్తంభాలు, వేరే పునాది. పోతే అదొక్కటే పోవాలి. పైకప్పు చూరు అడుగున్నరకి మించి బయటికి రాకుండా చూసుకోండి, వాలు మరీ బల్లపరుపుగా వద్దు, నాలుగు వైపులా వాలు ఉంటే ఇంకా మంచిది.

రేకులకి స్క్రూలు కొట్టేవాళ్లు మధ్యలో ఎంత దూరం పెడతారో అంచుల్లో కూడా అంతే పెడతారు. గాలి పీల్చేది అంచుల్లో, మూలల్లో, మధ్య కొప్పు దగ్గర. అక్కడ ప్రతి మడతకీ ఒక స్క్రూ ఉండాలి, కింద పెద్ద వాషర్ ఉండాలి. వాషర్ లేకపోతే స్క్రూ అలాగే ఉంటుంది, రేకు దాని చుట్టూ చిరిగి వెళ్లిపోతుంది. మన వాళ్లు ఒక్కో స్క్రూకి ఎంత మిగుల్చుకుంటారో నాకు అర్థం కాదు, మొత్తం కలిపినా ఒక పూట భోజనం ఖర్చు ఉండదు.

కిటికీల కోసం కంటైనర్ గోడ కోస్తే చుట్టూ బాక్స్ పైపు ఫ్రేమ్ కచ్చితంగా పెట్టించండి. ఆ అలల గోడే దాని బలం, దాన్ని కోసి వట్టి కిటికీ బిగిస్తే ఆ పక్కంతా మెత్తబడిపోతుంది. స్లైడింగ్ కిటికీలు వద్దు, గట్టి గాలికి అద్దం ట్రాక్‌లోంచి ఊడి లోపలికి వస్తుంది. రెండు రెక్కల కిటికీ పెట్టి బయట ఇనప షట్టర్ ఇవ్వమనండి, కంటైనర్‌కి వచ్చిన పాత తలుపులుంటే వాటిని కూడా తీసేయొద్దు, వాటికంటే మంచి షట్టర్ మీకు దొరకదు. మనిషి వెళ్లే తలుపుకి పైనా కిందా టవర్ బోల్ట్ ఉండాలి.

తాంపా_తెలుగు

ఫ్లోరిడా నుంచి. ఇక్కడ టైనీ హౌస్ అంటే ఎక్కువగా చక్రాల మీద ఉండేది, పికప్ ట్రక్ వెనక తగిలించుకుని పోయేది. తుఫానుల విషయంలో వాటికి ఉన్న ఒకే ఒక్క గొప్ప గుణం ఏంటంటే పారిపోగలవు. హెచ్చరిక రాగానే ఇల్లు తగిలించుకుని లోపలికి వెళ్లిపోవచ్చు. చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ అందరూ ఒకేసారి హైవే ఎక్కుతారు, పెట్రోల్ బంకుల్లో స్టాక్ ఉండదు, పైగా పదమూడు అడుగుల ఎత్తు పెట్టెని గాలిలో లాగడం అంటే అది పెద్ద టెన్షన్. రెండు రోజుల ముందే కదిలితేనే పని అవుతుంది. కదలకపోతే చక్రాల మీద ఉన్న ఇల్లంత బలహీనమైంది ఇంకొకటి లేదు, కిందంతా ఖాళీ, గాలికి కావాల్సినంత చోటు.

ఇక్కడి వాళ్లు దెబ్బ తిన్నాకే నేర్చుకున్నారు. 1992 ఆగస్టులో ఆండ్రూ హరికేన్ వచ్చి మయామీకి దక్షిణాన మొబైల్ హోమ్‌లని (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి పెట్టే ఇళ్లు) నుజ్జునుజ్జు చేసింది. ఆ తర్వాత 1994లో ఫ్యాక్టరీలో కట్టే ఇళ్లకి దేశాన్ని మూడు గాలి మండలాలుగా విడగొట్టి కొత్త రూల్స్ పెట్టారు. మూడో మండలంలో అమ్మాలంటే గంటకు 110 మైళ్ల గాలికి, అంటే సుమారు 177 కిలోమీటర్లకి డిజైన్ చేయాలి. పైన ఇంజనీర్ గారు చెప్పిన 180కి దాదాపు సమానం. ఎంత దూరానికి ఒక పట్టీ, నేలలో ఎలాంటి యాంకర్ అనేవి కూడా రూల్‌లోనే ఉంటాయి. ఆ యాంకర్లు పెద్ద స్క్రూ లాగా నేలలోకి తిప్పి దింపేవి, కానీ వదులు ఇసుకలో వాటి పట్టు బాగా తగ్గిపోతుంది, ఉద్దానం ఇసుక నేల కాబట్టి ఎవరైనా అది అమ్మజూపితే ముందు లాగి చూపించమనండి.

ఇంకో సంగతి. మీకు తిత్లీ వచ్చిన రాత్రే, కొన్ని గంటల తేడాతో, ఇక్కడ మైకేల్ అనే హరికేన్ మెక్సికో బీచ్ అనే చిన్న ఊరి దగ్గర తీరం దాటింది, ఐదో కేటగిరీ. సముద్రం ఒడ్డున వరసగా ఇళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయి ఒక్క ఇల్లు నిలబడ్డ ఫొటో అప్పట్లో చాలా తిరిగింది. అది లోతుగా దింపిన కాంక్రీట్ స్తంభాల మీద, కాంక్రీట్ గోడలతో, చూరు తక్కువగా, కిటికీలు తక్కువగా కట్టిన ఇల్లు. కాకినాడ అన్న చెప్పినవే కదా.

ఇన్ని రూల్స్ ఉన్నా ఇక్కడ తుఫాను వస్తుందంటే కౌంటీ (జిల్లా లాంటిది) వాళ్లు మొదట ఖాళీ చేయమనేది మొబైల్ హోమ్ వాళ్లనే. ఎప్పుడు కట్టింది, ఎన్ని పట్టీలు వేశావు అని ఎవరూ అడగరు, బయటికి రమ్మంటారు అంతే. మీ కంటైనర్‌ని ఎంత బాగా కట్టినా అది ఇంటిని కాపాడుకోవడానికి, ఆ రాత్రి మీరు అందులో పడుకోవడానికి కాదు.

నాగాయలంక_పెద్దాయన

బాబూ, నేను ఇంజనీర్‌ని కాను, రిటైరైన టీచర్‌ని. దివిసీమ వాణ్ని కాబట్టి రెండు మాటలు.

చిన్న ఇల్లు అనేది మన కోస్తాకి కొత్తేం కాదు. మీ శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టిళ్లు ఉండేవి, మీరూ చూసే ఉంటారు. గుండ్రటి మట్టి గోడ, శంకువు లాంటి కప్పు, చూరు ఎంత కిందికి ఉంటుందంటే వంగి లోపలికి వెళ్లాలి. గాలికి ఎదురు నిలబడే బల్లపరుపు గోడ దానికి ఏ వైపూ లేదు. గాలి దాన్ని చుట్టుకుని పోతుంది. తుఫాను వస్తుందంటే బెస్తవాళ్లు పాత వలలు కప్పు మీద పరిచి, తాళ్లతో కింద గుంజలకి లాగి కట్టేవాళ్లు. రేకుకి స్క్రూ ఎలాగో తాటాకుకి వల అలాగ. మీరు ఇప్పుడు పెట్టే డబ్బా మూలలు కోసినట్టు ఉంటుంది, దానికి ఆ సుఖం లేదు.

అయితే ఒకటి. 1977 నవంబర్ 19న మా వైపు ఇళ్లని తీసుకుపోయింది ఎక్కువగా గాలి కాదు, ఉప్పెన. గాలికి ఆగిన ఇల్లు నీటికి ఆగలేదు, పదివేలకు పైగా జనం పోయారు. ఆ తర్వాతే ఊరూరా తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మేలో మళ్లీ అంత గాలీ వచ్చింది కానీ లక్షల మందిని ముందే తరలించడంతో ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. మీ ఉద్దానం నేల మా అంత పల్లం కాదు, కానీ మీ తోట ఎంత ఎత్తులో ఉందో, దగ్గర గెడ్డ (వాగు) ఏమైనా ఉందో చూసుకోండి. గాలి గురించి ఇన్ని లెక్కలు వేస్తున్నారు, నీళ్ల గురించి ఒక్కరూ అడగలేదు.

ఇంకొకటి, గాలి వచ్చే వైపు కిటికీలు మూసి అవతలి వైపు ఒకటి తెరిచి ఉంచాలి, లేకపోతే లోపలి గాలి బిగిసి కప్పు లేచిపోతుందని మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. కంటైనర్ అంటే గాలి చొరబడని పెట్టె కదా, దానికి ఇది ఇంకా అవసరమేమో.

స్ట్రక్చరల్_వైజాగ్

మాస్టారూ, నీళ్ల విషయం మీరు గుర్తు చేయడం మంచిదైంది, కింద దానికే వస్తాను. కిటికీ విషయంలో మాత్రం మీతో ఒప్పుకోలేను. పాత తాటాకు ఇళ్లలో ఆ పద్ధతి పని చేసి ఉండొచ్చు, కప్పులోంచే గాలి అటూ ఇటూ పోయేది. ఇప్పటి ఇళ్లలో అసలు ప్రమాదం గాలి లోపలికి రావడం. ఎదురు వైపు ఒక్క తలుపు ఊడినా లోపల ఒత్తిడి పెరిగి కప్పుని కింద నుంచి తోస్తుంది, బయటి పీల్చుడు దానికి తోడవుతుంది. చాలా కప్పులు ఎగిరేది ఆ క్షణంలోనే. ఏ వైపు తెరవాలో ముందే తెలిస్తే మీ మాటకి అర్థం ఉంటుంది, కానీ కన్ను దాటాక దిక్కు మారిపోతుంది, ఆ గాలిలో ఎవరు వెళ్లి కిటికీ మార్చుతారు? అన్నీ మూసేయడమే. కంటైనర్‌లో కూడా తలుపు సందులు, వెంటిలేటర్ ఉంటాయి, మనిషి ఊపిరాడనంత బిగువు ఉండదు.

జీడితోట_పలాస

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. మా నాన్నకి ఈ లెక్క చదివి వినిపించాను, శ్లాబ్ దగ్గర "చూశావా" అన్నాడు, మిగతాది వినలేదు.

రెండు డౌట్లు. నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మాది ఇసుక నేల, వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. గెడ్డ దూరంగానే ఉంది, తోటలోకి ఎప్పుడూ నీళ్లు రాలేదు. నాలుగు మూలలా గుంతలు తీసి కాంక్రీట్ దిమ్మెలు పోయించి వాటికి కట్టేద్దామనుకుంటున్నా, సైజు ఎంత ఉండాలి? రెండోది, తోటలో మిగిలిన కొబ్బరి చెట్ల మధ్యలో పెడితే అవే గాలిని ఆపుతాయి కదా?

స్ట్రక్చరల్_వైజాగ్

దిమ్మెల ఐడియా గట్టి నేలలో మంచిదే. మీ చోట ఒక చిక్కు ఉంది. కాంక్రీట్ క్యూబిక్ మీటరుకి 2400 కిలోలు తూగుతుంది, కానీ భూగర్భ జలంలో మునిగితే నీరు దాన్ని పైకి నెడుతుంది కాబట్టి 1400 లాగే పని చేస్తుంది. తుఫాను వచ్చేదేమో వానతోటే, నేలంతా నీళ్లు నిండి ఉన్నప్పుడే మీకు దాని బరువు కావాలి. భద్రతకి ఒకటిన్నర రెట్లు వేసుకుంటే ఒక్కో వైపు రెండున్నర టన్నులు పట్టి ఉంచాలి. ఒక్కో మూలకి దాదాపు క్యూబిక్ మీటర్ దిమ్మె, నీళ్లలో నిలబడి పోయాలి. అంతా చేసి నాలుగు దిమ్మెలు నాలుగు రకాలుగా కుంగితే కంటైనర్ మెలి తిరిగి తలుపులు పడవు.

దాని బదులు నేల మీదే 6.5 మీటర్లు, 3 మీటర్లు, ఎనిమిదంగుళాల మందంతో ఒక కాంక్రీట్ బల్ల పోయించండి, రెండు వరసల కమ్మితో. నాలుగు క్యూబిక్ మీటర్లలోపు కాంక్రీట్, బరువు సుమారు పది టన్నులు. నీళ్లు మొత్తం ముంచేసినా దాదాపు ఆరు టన్నులు మిగులుతుంది, మీకు సరిపోతుంది. చుట్టూ అంచుని అడుగున్నర కిందికి దింపితే వాన నీరు కింద ఇసుక కోసుకుపోకుండా ఉంటుంది. మీ చోట వరద లేదంటున్నారు కాబట్టి చుట్టూ నేల కన్నా ఒక అడుగు ఎత్తుగా మట్టి గట్టిగా కొట్టి దాని మీద పోస్తే చాలు. రేపు కంటైనర్ తీసుకుపోయినా ఆ బల్ల జీడిపిక్కలు ఆరబెట్టుకోవడానికి ఎవరికో ఒకరికి పనికొస్తుంది. పోయించే ముందు మీ దగ్గర్లో ఎవరైనా ఇంజనీర్‌ని ఒకసారి నేల చూడమనండి, నేను ఇక్కడి నుంచి చెప్పేది అంచనా మాత్రమే.

కొబ్బరి చెట్ల మధ్య అస్సలు వద్దు. అవి గాలిని పెద్దగా ఆపవు, ఆకులన్నీ పైనే ఉంటాయి కదా, పడితే మాత్రం మీ కప్పు మీదే పడతాయి. దగ్గర్లో ఉన్న చెట్టు ఎత్తు ఎంతో అంతకంటే దూరంగా పెట్టండి. గాలి తగ్గాలంటే సముద్రం వైపు సరుగుడు వరసలు వేయండి, కింద నుంచి పై దాకా గుబురుగా ఉంటుంది, అది కూడా ఇంటి మీద పడనంత దూరంలో. కరెంటు తీగ కింద కూడా పెట్టకండి.

@తాంపా చెప్పిన చివరి మాట నాది కూడా. తీవ్ర తుఫాను అని బులెటిన్ వచ్చి భీమునిపట్నం, కళింగపట్నం పోర్టుల్లో ఎనిమిది, తొమ్మిది, పది నంబరు ప్రమాద హెచ్చరికలు ఎగరేశారంటే తాళం వేసి ఊళ్లో ఎవరి శ్లాబ్ ఇంట్లోకో, షెల్టర్‌కో వెళ్లిపోండి.

కాకినాడ_ఫ్యాబ్రికేషన్

బల్ల పోసేటప్పుడు బేస్ ప్లేట్ల యాంకర్ బోల్టులు ముందే కమ్మికి కట్టి ఉంచాలి తమ్ముడూ, కాంక్రీట్ ఆరాక డ్రిల్ చేసి దింపుదాం అంటే ఒప్పుకోకు. దానికి ముందు ఒక పని ఉంది. నువ్వు కొనే కంటైనర్ దగ్గరికి స్వయంగా వెళ్లి కింద నాలుగు కార్నర్ కాస్టింగ్‌ల రంధ్రాల మధ్య దూరం టేపుతో కొలుచుకో, మూలకి మూల కూడా కొలువు. పాత డబ్బాలు క్రేన్ దెబ్బలకి కొంచెం వంకర పోయి ఉంటాయి, పుస్తకంలో కొలత పెట్టి బోల్టులు దింపితే ఒక మూల కూర్చోదు. ఆ కొలతతో యాంగిల్ ముక్కల ఫ్రేమ్ ఒకటి వెల్డ్ చేయించి, బోల్టులు దానికి బిగించి, కాంక్రీట్ పోసి ఆరాక ఫ్రేమ్ తీసేయ్. బోల్టులు, ప్లేట్లు హాట్ డిప్ గాల్వనైజ్ చేసినవే (కరిగిన జింక్‌లో ముంచి మందంగా పూత వేసినవి) తీసుకో. షాపులో తళతళలాడే పల్చటి జింక్ పూత ఉన్నవి మీ సముద్రం గాలికి రెండు వానాకాలాలు ఆగవు. ఏటా సెప్టెంబర్‌లో, తుఫానుల కాలం మొదలయ్యే ముందు, లాక్‌లకి గ్రీజు పెట్టి ఒకసారి తిప్పి చూసుకో. తిప్పకుండా వదిలేస్తే తుప్పు పట్టేసి నీకు కావాల్సిన రోజున అటు బిగవదు, ఇటు ఊడదు.

జీడితోట_పలాస

సరే అన్నా, ఈ శనివారం యార్డుకి వెళ్తున్నా, టేపు పట్టుకెళ్తా. కొలతలు, కార్నర్ల ఫొటోలు ఇక్కడే పెడతాను, ఒకసారి చూసి చెప్పండి. వరండా ఐడియా ప్రస్తుతానికి తీసేశాను. ఇంట్లో ఆవిడకి ఇంకా చెప్పలేదు.